రెండు వారాలకే చైన్ మళ్లీ లూజు: చైన్ ఒక్కటే మార్చాలా, స్ప్రాకెట్లు కూడానా?

మట్టిబాట
అందరికీ నమస్కారం. నాది 150 సీసీ బండి. చైన్ 428 సైజు, 118 లింకులు, ముందు స్ప్రాకెట్‌కి (చైన్ ఎక్కే పళ్ల చక్రం) 15 పళ్లు, వెనక దానికి 43. ఇప్పటికి 24 వేల కిలోమీటర్లు తిరిగింది, చైన్ సెట్ ఒక్కసారి కూడా మార్చలేదు. రెండు వారాల కింద చైన్ బిగించాను, అప్పుడే మళ్లీ లూజైపోయింది. మొదటి గేర్లో మెల్లగా పోతుంటే టకటకమని చప్పుడు, యాక్సిలరేటర్ వదిలి మళ్లీ ఇస్తే ఒక కుదుపు. వెనక చైన్ బిగించే అడ్జస్టర్ గీతలు దాదాపు చివరికొచ్చాయి.

సెంటర్ స్టాండ్ వేసి చక్రం చేత్తో తిప్పి చూశాను. ఒక చోట చైన్ బిర్రుగా ఉంటుంది, అరచుట్టు తిప్పేసరికి కిందకి వేలాడుతుంది. ఒక మెకానిక్ ఏమో "రెండు లింకులు తీసేద్దాం, ఇంకో ఆరు నెలలు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. ఇంకొకాయన "చైన్ ఒక్కటి మార్చు, స్ప్రాకెట్లు బాగానే ఉన్నాయి" అన్నాడు. ఎవరి మాట వినాలి? పని నేనే చేసుకోవాలని ఉంది. పానాల సెట్ ఉంది, కొంచెం ఓపిక కూడా ఉంది.

స్పానర్ పెట్టె
రెండు లింకులు తీయించకు తమ్ముడూ. ముప్పై ఏళ్లు ఇదే పనిలో ఉన్నవాణ్ణి, అడ్జస్టర్ చివరికొచ్చిందంటే చైన్ పని అయిపోయిందని బండే చెబుతున్నట్టు. లింకులు తీస్తే అడ్జస్టర్‌కి చోటు దొరుకుతుందే కానీ అరిగిన చైన్ అరిగిన చైన్‌గానే ఉంటుంది.

ముందు ఒక పని చెయ్యి. వెనక స్ప్రాకెట్‌కి సరిగ్గా వెనక భాగంలో, గడియారంలో మూడు ఉండే చోట అనుకో, చైన్‌ని రెండు వేళ్లతో పట్టుకుని వెనక్కి లాగు. కొత్త చైన్ పళ్లను వదిలి రాదు. సగం పన్ను బయటికి కనబడిందంటే ఇంక ఆలోచించక్కర్లేదు.

లెక్కల మాస్టారు
"చైన్ సాగింది" అని మనందరం అంటాం కానీ ఇనుము రబ్బరులా సాగదు. ఒక్కో లింకులో ఒక పిన్ను, దాని చుట్టూ బుష్, దాని మీద రోలర్ ఉంటాయి. లింకు స్ప్రాకెట్ మీద వంగిన ప్రతిసారీ పిన్ను బుష్‌లో తిరుగుతుంది. గ్రీజు ఎండిపోతే, దుమ్ము చేరితే ఆ రెండూ ఒకదాన్నొకటి నమిలేస్తాయి. ఒక్కో కీలు దగ్గర అరిగేది వెంట్రుకవాసే. నూటపద్దెనిమిది చోట్ల కలిపి చూస్తే చైన్ పొడవెక్కినట్టు కనిపిస్తుంది.

అందుకే కంటితో చూసి ఒక నిర్ణయానికి రావద్దు, కొలవండి. 428లో మొదటి అంకె 4 అంటే నాలుగు ఎనిమిదో వంతుల అంగుళం, అంటే అర అంగుళం, 12.7 మి.మీ. ఒక పిన్ను నడిమి నుంచి పక్క పిన్ను నడిమికి అంత దూరం ఉండాలి. కాబట్టి కొత్త చైన్లో 20 లింకులు 254 మి.మీ. ఉండాలి. చైన్‌ని కిందికి లాగి బిర్రుగా ఉంచి, 21 పిన్నులు లెక్కపెట్టి, మొదటి పిన్ను మధ్య నుంచి ఇరవై ఒకటో పిన్ను మధ్యకి స్టీలు స్కేలుతో కొలవండి. మీ బండి మాన్యువల్లో హద్దు ఉంటుంది. ఈ సైజుకి రెండు శాతం పెరుగుదలంటే 259 మి.మీ., చాలా కంపెనీలు అక్కడికి లేదా ఇంకా ముందే మార్చమంటాయి.

ఒక్క చోట కొలిచి ఆపకండి. మూడు నాలుగు చోట్ల కొలవండి, మీ చైన్ ఒక చోట బిర్రు, ఒక చోట లూజు అన్నారు కాబట్టి.

మట్టిబాట
కొలిచాను మాస్టారూ. నాలుగు చోట్ల: 257, 260.5, 258, 259.5. స్పానర్ పెట్టె అన్న చెప్పినట్టు వెనక్కి లాగితే పన్ను సగం కంటే ఎక్కువే కనబడింది. రెండు లింకుల మధ్య తుప్పు రంగు పొడి కూడా ఉంది, గుడ్డతో తుడిచినా మర్నాటికి మళ్లీ వస్తోంది.

లెక్కల మాస్టారు
260.5 అంటే ఆరున్నర మి.మీ. ఎక్కువ. ఇరవై కీళ్లకు పంచితే ఒక్కోదానికి 0.3 మి.మీ. పైనే. మీ నాలుగు కొలతల సగటు 258.75, అంటే 1.9 శాతం. మొత్తం చైన్ కొత్తలో 1498.6 మి.మీ. కాబట్టి ఇప్పుడు 28 మి.మీ. దాకా పెరిగింది. చైన్ పైనా కిందా రెండు వరసలుగా ఉంటుంది కాబట్టి చక్రం అందులో సగం, 14 మి.మీ. వెనక్కి జరిగింది. మీ అడ్జస్టర్ గీతలు చివరికి వచ్చింది అందుకే. రెండు లింకులు తీస్తే 25.4 మి.మీ. తగ్గుతుంది, అరుగుదల ఒక్క వెంట్రుకవాసి కూడా తగ్గదు.

ఆ తుప్పు పొడి వచ్చే లింకులో గ్రీజు పూర్తిగా పోయింది. చుట్టూ ఎంత నూనె పోసినా అరిగింది తిరిగి రాదు. ఒక చోట బిర్రు అవడానికి కారణం కూడా అలాంటి లింకులే, అన్నీ ఒకేలా అరగలేదు.

రాత్రి రైడర్
చైన్ మార్చాలన్నది సరే. కానీ స్ప్రాకెట్లు ఎందుకు? పళ్లు చూడటానికి బాగుంటే వాడుకోవచ్చు కదా. నేను కిందటిసారి చైన్ ఒక్కటే మార్చాను, బండి బాగానే నడిచింది.

పాత బండి
ఎన్ని కిలోమీటర్లు నడిచింది బ్రదర్?

రాత్రి రైడర్
ఆరు వేలు అటూ ఇటూ. తర్వాత మళ్లీ అదే చప్పుడు. నేను చైన్ నాసిరకం అనుకున్నాను. అంతకుముందు చైన్ ఇరవై వేల దాకా వచ్చింది.

పాత బండి
చైన్ తప్పు అయ్యుండకపోవచ్చు. అరిగిన చైన్ పిన్నుల మధ్య దూరం పెరిగింది కదా, అది పన్ను అడుగున కూర్చోకుండా పైకెక్కి రాసుకుంటూ తిరుగుతుంది. అలా వేల కిలోమీటర్లు తిరిగాక పన్ను ఆకారమే ఆ పాత చైన్‌కి తగ్గట్టు మారిపోతుంది. ఒక పక్క కొంకిలా వంగుతుంది. అలాంటి పళ్ల మీద సరైన కొలత ఉన్న కొత్త చైన్ వేస్తే భారం అన్ని పళ్ల మీదా సమానంగా పడదు, ఒకటి రెండు పళ్లే మొత్తం లాగుతాయి. కొత్త రోలర్లు ఆ కొంకి మీద పడి త్వరగా పాడవుతాయి. తిరగేసి చెప్పినా అంతే, పాత చైన్ మీద కొత్త స్ప్రాకెట్ వేస్తే అదీ త్వరగా అరుగుతుంది.

ఒక్క మినహాయింపు చెబుతాను. సెట్ వేసి కొద్ది వేలే అయి, రాయి తగిలో, తుప్పు పట్టో చైన్ ఒక్కటే పాడైతే, పళ్లు నిజంగా కొత్తలా నిలువుగా ఉంటే చైన్ మాత్రమే మార్చినా నష్టం లేదు. 24 వేలు తిరిగిన సెట్‌కి ఆ మాట వర్తించదు.

రాత్రి రైడర్
ఇప్పుడు అర్థమైంది. వెనక స్ప్రాకెట్ పళ్లు బాగానే కనబడ్డాయి, ముందుది కవర్ విప్పి చూడనేలేదు.

లెక్కల మాస్టారు
అక్కడే అందరం పొరబడతాం. 15కి 43 అంటే వెనక చక్రం ఒక్కసారి తిరిగేలోపు ముందుది 2.87 సార్లు తిరుగుతుంది. ముందు ఒక్కో పన్ను మీద దాదాపు మూడింతల పని. పైగా 15 పళ్ల చక్రం మీద ప్రతి లింకు 24 డిగ్రీలు వంగాలి, 43 పళ్ల దాని మీద ఎనిమిదిన్నర డిగ్రీల లోపే. ముందుది ఎప్పుడూ ముందే అరుగుతుంది, కవర్ వెనక దాక్కుని ఉంటుంది కాబట్టి మనకి కనపడదు.

దూరప్రయాణం
స్ప్రాకెట్ కొనేటప్పుడు ఒక మాట. ముందు 14 పళ్లది వేస్తే పికప్ బాగుంటుందని నాకు చాలామంది చెప్పారు. వేశాను. నిజమే, ఎత్తు ఎక్కేటప్పుడు హాయిగా ఉంది. కానీ హైవే మీద ఇంజిన్ ఎప్పుడూ అరుస్తున్నట్టే ఉండేది, దూరం పోతే చేతులు తిమ్మిర్లు. మళ్లీ కంపెనీ ఇచ్చిన లెక్కకే వచ్చేశాను.

లెక్కల మాస్టారు
ముందు ఒక పన్ను తగ్గిస్తే వెనక మూడు పళ్లు పెంచినంత. 43/15 = 2.87, 43/14 = 3.07. అదే ఇంజిన్ వేగానికి అరవైలో పోయేది యాభై ఆరులో పోతుంది. లింకు కూడా 25.7 డిగ్రీలు వంగాలి, అరుగుదల ఆ మేరకు ఎక్కువ. ఇంకో చిన్న సంగతి, నాకు చాలా ఇష్టమైనది. చైన్లో లోపలి పలకల లింకు ఒకటి, బయటి పలకల లింకు ఒకటి వంతులుగా ఉంటాయి. మీ చైన్ 118 లింకులు, అంటే సరిసంఖ్య. ముందు 14 పళ్లుంటే అది కూడా సరిసంఖ్యే, కాబట్టి లోపలి పలక లింకులు ఎప్పుడూ అవే ఏడు పళ్ల మీద, బయటి పలక లింకులు మిగతా ఏడింటి మీద పడుతుంటాయి. 15 అయితే ప్రతి లింకూ వంతులవారీగా ప్రతి పన్నునూ కలుస్తుంది, అరుగుదల సమానంగా పంచుకుంటాయి. బేసి పళ్లతో ఉన్న మేలు అది.

మట్టిబాట
అయితే కంపెనీ లెక్కే, 15-43, 118 లింకులు. ఓ-రింగ్ చైన్ తీసుకోవాలా, మామూలుదా?

పాత బండి
ఓ-రింగ్ చైన్లో పిన్నుకీ బుష్‌కీ మధ్య గ్రీజు నింపి, పలకల మధ్య రబ్బరు రింగులు వేసి మూసేస్తారు. ఆ గ్రీజు బయటికి పోదు, దుమ్ము లోపలికి రాదు. అందుకే ఎక్కువ కాలం వస్తుంది. అయితే పిన్నుల దగ్గర వెడల్పు ఎక్కువ. నీ బండికి చైన్ కవర్ ఉంటే, ముందు స్ప్రాకెట్ దగ్గర చోటు ఇరుగ్గా ఉంటే రాసుకుంటుందేమో చూసుకో. పూర్తిగా మూసిన చైన్ కవర్ ఉన్న బండికి మామూలు చైన్ కూడా చాలా కాలం వస్తుంది, దుమ్మూ వానా తగలవు కాబట్టి.

మట్టిబాట
(మూడు రోజుల తర్వాత)
సెట్ వచ్చింది. ఈ పొద్దున మొదలుపెట్టాను, మధ్యలో ఆగిపోయాను. చైన్ రెండు కొసల్ని కలిపే క్లిప్ లాక్ తీసి చైన్ లాగేశాను. వెనక చక్రం విప్పాను. ఇప్పుడు ముందు స్ప్రాకెట్ నట్టు రావడం లేదు. పానా తిప్పితే నట్టుతో పాటు స్ప్రాకెట్ కూడా తిరుగుతోంది. గేర్లో వేసినా ఇంజిన్ కదులుతోంది. స్ప్రాకెట్ పళ్లలో ఇనుప రాడ్ పెట్టి ఆపి తిప్పమంటారా?

స్పానర్ పెట్టె
రాడ్ పెట్టొద్దు! ఆ రాడ్ పోయి ఆనేది ఇంజిన్ కేసింగ్ మీద. అల్యూమినియం పగిలిందంటే చైన్ సెట్‌తో పోయే పని ఇంజిన్ దాకా పోతుంది.

చైన్ తీయకముందే ముందు నట్టు వదులు చేయాలి తమ్ముడూ, అది వరస. ఇప్పుడైనా ఏం మించిపోలేదు. వెనక చక్రం మళ్లీ పెట్టు, పాత చైన్ ఎక్కించి పాత లాక్ వెయ్యి. బండిని మొదటి గేర్లో పెట్టి, ఎవర్నైనా పిలిచి వెనక బ్రేకు గట్టిగా తొక్కి పట్టమను. ఇప్పుడు చైన్ స్ప్రాకెట్‌ని పట్టి ఉంచుతుంది. నట్టు కింద వాషర్ అంచు ఒక పక్క మడిచి ఉంటుంది చూడు, దాన్ని ఉలితో చదునుగా చెయ్యి. మడత విప్పకుండా ఎంత బలం పెట్టినా రాదు. తర్వాత పొడుగు పిడి పానాతో మెల్లగా, కుదుపు లేకుండా తిప్పు.

కొన్ని చిన్న బళ్లకు పెద్ద నట్టు ఉండదు, పలుచటి లాక్ ప్లేటు, రెండు చిన్న బోల్టులు ఉంటాయి. నీదానికి నట్టు కాబట్టి ఇదే పద్ధతి.

మట్టిబాట
వచ్చేసింది అన్నా! మా తమ్ముడు బ్రేకు మీద నిలబడ్డాడు. వాషర్ మడత నిజంగానే విప్పలేదు నేను.

ముందు స్ప్రాకెట్ చేతిలోకి తీసుకుని కొత్తదాని పక్కన పెట్టి చూశాను. కొత్తదాని పళ్లు రెండు వైపులా ఒకే వాలుతో ఉన్నాయి. పాతదాని ప్రతి పన్నూ ఒకే దిక్కుకి వంగి కొసన కత్తిలా సన్నబడింది. వేలితో తడిమితే గీరుకుంటోంది. వెనకది బయటి నుంచి బాగానే ఉన్నా దాని పళ్ల లోపలి పక్క మాత్రం అద్దంలా మెరుస్తోంది, బయటి పక్క నల్లగా ఉంది. అలా ఎందుకుంది?

దూరప్రయాణం
అది అలైన్‌మెంట్ తప్పు. చైన్ తిన్నగా పరిగెత్తకుండా ఒక పక్కకి రాసుకుంటూ వచ్చింది. స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే చేయి) మీది గీతలు చూసి రెండు పక్కలా ఒకే నంబరుకి పెట్టారు కదా? ఆ గీతలు అన్ని బళ్లకూ కచ్చితంగా ఉండవు. స్వింగార్మ్ కదిలే కీలు, అంటే పివట్ బోల్టు, మధ్య నుంచి వెనక యాక్సిల్ (చక్రం ఇరుసు) మధ్యకి రెండు పక్కలా టేపుతో కొలవండి. రెండూ సమానంగా రావాలి. తర్వాత వెనక నుంచి వంగి చైన్ పై వరస వెంట చూడండి, స్ప్రాకెట్ దగ్గర వంపు లేకుండా గీత గీసినట్టు పోవాలి.

చక్రం బయటికి తీశారు కాబట్టి హబ్‌లో ఉండే, కుదుపు తగ్గించే డ్యాంపర్ రబ్బర్లు కూడా చూడండి. మీరు చెప్పిన కుదుపులో సగం వాటి వల్ల కావచ్చు. నలిగి పొడిపొడిగా ఉంటే మార్చేయండి.

మట్టిబాట
కొలిచాను అక్కా. ఎడమ పక్క కంటే కుడి పక్క 4 మి.మీ. ఎక్కువ ఉంది. గీతలు మాత్రం రెండు పక్కలా ఒకటే చూపిస్తున్నాయి. రబ్బర్లలో రెండు నెర్రెలు విచ్చాయి, అన్నీ మార్చాను. ముందు కవర్ వెనక గుప్పెడు నల్ల జిడ్డు, మట్టి గడ్డ కట్టి ఉంది, గీకేశాను. షాఫ్ట్ సీల్ పొడిగానే ఉంది, ఆయిల్ కారడం లేదు. వెనక స్ప్రాకెట్ నట్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, చివర టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగించామో చూపే పానా) మాన్యువల్ చెప్పినంత పెట్టాను. కొత్త చైన్ ఎక్కించి లాక్ వేశాను, గీతలు చూడకుండా టేపుతోనే రెండు పక్కలా సమానం చేశాను. పై వరసలో లాక్ క్లిప్ తెరిచిన వైపు బండి ముందుకి ఉంది, మూసిన వైపు వెనక్కి. రేపు పొద్దున బండి తీస్తాను.

స్పానర్ పెట్టె
ఆగు. క్లిప్ తిరగబడింది. ఇప్పుడే సరిచెయ్యి.

ఆ క్లిప్ చేపలా ఉంటుంది కదా. మూసిన వైపు తల, తెరిచిన వైపు తోక. చేప చైన్ పోయే దిక్కుకి ఈదాలి. పై వరసలో చైన్ ముందుకి పోతుంది, కాబట్టి అక్కడ తల బండి ముందుకి ఉండాలి. తోక ముందుంటే దారిలో ఏ రాయో, కవర్ అంచో తగిలి క్లిప్‌ని వెనక్కి తోసేస్తుంది. క్లిప్ ఊడితే పలక ఊడుతుంది, చైన్ తెగుతుంది. తెగిన చైన్ ముందు స్ప్రాకెట్ దగ్గర ముద్దగా చుట్టుకుని కేసింగ్ పగలగొట్టిన బళ్లు నా చేతుల మీదుగా వెళ్లాయి. వెనక చక్రం పట్టేస్తే మనిషి ప్రాణానికే ముప్పు.

క్లిప్‌ని పిన్నుల గాళ్లలో పూర్తిగా కూర్చోబెట్టు, "టక్" మని వినబడాలి. పాత క్లిప్ వాడొద్దు, కొత్తదే. ఓ-రింగ్ చైన్ అయితే లాక్‌కి వచ్చిన నాలుగు రింగులూ గ్రీజు పూసి వెయ్యాలి, మర్చిపోతే ఆ ఒక్క లింకు ముందు పోతుంది.

మట్టిబాట
మార్చాను అన్నా. మీరు చూడకపోతే అలాగే పోయేవాణ్ణి. చాలా థాంక్స్.

పాత బండి
చైన్ ఎంత లూజు ఉంచావు? కొత్త చైన్ కదా అని బిర్రుగా బిగించకు. వెనక సస్పెన్షన్ కిందికి దిగేటప్పుడు ముందు స్ప్రాకెట్ మధ్య, స్వింగార్మ్ పివట్, వెనక యాక్సిల్ మూడూ ఒకే గీత మీదికి వస్తాయి. చైన్ అన్నిటికంటే బిగుసుకునేది అప్పుడే. స్టాండ్ మీద బిర్రుగా ఉందంటే, ఇద్దరు ఎక్కి గుంతలో పడ్డప్పుడు ఆ లాగుడంతా గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్ మీదా, చక్రం బేరింగ్ మీదా పడుతుంది. లూజు చైన్ చప్పుడు చేసి చెబుతుంది. బిర్రు చైన్ చెప్పదు.

యాక్సిల్ నట్టు బిగించే ముందు చైన్‌కీ వెనక స్ప్రాకెట్‌కీ మధ్య ముడిచిన గుడ్డ పెట్టి చక్రం వెనక్కి తిప్పు. గుడ్డ ఇరుక్కుని యాక్సిల్‌ని ముందుకి లాగి అడ్జస్టర్లకు ఆనిస్తుంది. అలా ఉండగా నట్టు బిగిస్తే చక్రం పక్కకి జరగదు. వేళ్లు మాత్రం దూరంగా ఉంచు.

మట్టిబాట
మాన్యువల్లో 20 నుంచి 30 మి.మీ. అని ఉంది. కింది వరస నడిమధ్య పైకీ కిందికీ కదిపితే 26 వస్తోంది. చక్రం నాలుగు చోట్ల తిప్పి కొలిచినా 25, 26. ఇదివరకు 15కీ 40కీ మధ్య ఊగేది.

దూరప్రయాణం
డ్రమ్ బ్రేకు అయితే పెడల్ సరిచూసుకోండి. కొత్త చైన్‌తో చక్రం ముందుకి వచ్చింది కదా, బ్రేకు రాడ్ వదులై పెడల్ ఎక్కువ కిందికి పోతుంది. రాడ్ చివరి నట్టు తిప్పి సరిచేసి, బ్రేకు లైటు వెలుగుతోందో లేదో చూసి అప్పుడు రోడ్డెక్కండి. యాక్సిల్ నట్టుకి అది ఊడకుండా గుచ్చే కాటర్ పిన్ను ఉంటే అదీ కొత్తది వెయ్యండి.

పాత బండి
ఇంక శుభ్రం చేయడం గురించి. దీని గురించి నేను ఎక్కడైనా రాస్తూనే ఉంటాను. చైన్ తుడిచేటప్పుడు ఇంజిన్ ఆన్ చేసి గేర్లో వేసి చక్రం తిప్పకండి. దయచేసి. నా కుడి చూపుడు వేలు పై కణుపు అలాగే పోయింది. గుడ్డ చైన్‌లో చిక్కుకుంది, గుడ్డతో పాటు చెయ్యి. రెప్పపాటు కూడా పట్టలేదు. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, చక్రం చేత్తో తిప్పుకోండి. ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

రాత్రి రైడర్
చాలా బాధగా ఉంది అన్నా. నేను ఇన్నాళ్లూ ఇంజిన్ ఆన్ చేసే తుడుస్తున్నాను. ఇంక చెయ్యను.

శుభ్రం చేయడానికి పెట్రోలు వాడొచ్చా?

పాత బండి
ఓ-రింగ్ చైన్‌కి పెట్రోలు వద్దు, రబ్బరు రింగులు పాడవుతాయి. కిరోసిన్, మెత్తటి బ్రష్ చాలు. ఇనుప తీగల బ్రష్ రింగుల్ని కోసేస్తుంది. తుడిచి ఆరబెట్టాక 80-90 గ్రేడు గేర్ ఆయిల్ గానీ, చైన్ స్ప్రే గానీ వెయ్యి. కింది వరసలో లోపలి పక్కన, అంటే పళ్లు తగిలే వైపు వేస్తే తిరిగేటప్పుడు అదే బయటికి పాకుతుంది. బండి నడిపి వచ్చాక చైన్ వెచ్చగా ఉన్నప్పుడు వేస్తే బాగా పడుతుంది. రాత్రంతా వదిలేసి పొద్దున ఎక్కువైంది తుడిచెయ్యి, లేకపోతే దుమ్మంతా దానికే పడుతుంది. వానలో తడిసిన రోజు మాత్రం వాయిదా వెయ్యకు.

మట్టిబాట
(నెల తర్వాత)
ఐదు వందల కిలోమీటర్లు అయింది. ఈ రోజు మళ్లీ కొలిచాను. లూజు 28కి వచ్చింది, కొత్త చైన్ మొదట్లో కొంచెం సర్దుకుంటుందంటారు కదా, మళ్లీ 25కి పెట్టాను. 20 లింకులు 254 మీదే ఉన్నాయి. వెనక స్ప్రాకెట్ పళ్లు ఈసారి రెండు పక్కలా ఒకేలా నల్లగా ఉన్నాయి. టకటక చప్పుడు లేదు. మొదటి గేర్లో మెల్లగా పోయినా కుదుపు లేదు, బండి ఇంత మెత్తగా నడిచేదన్న సంగతే మర్చిపోయాను.

బ్రేకు మీద నిలబడ్డ మా తమ్ముడి బండి కూడా పద్దెనిమిది వేలు దాటింది. సాయంత్రం వాడి చైన్ కొలుస్తాను, కొలతలు ఇక్కడే పెడతాను.

స్పానర్ పెట్టె
పెట్టు తమ్ముడూ. ఈసారి చైన్ తీయకముందే ముందు కవర్ విప్పి పళ్లు చూడు.